బోనులో ఖాళీగా ఉన్న చోటు



మీ విచారణ యువతీయువకులు ఒక సాయంత్రం మీ ఇంటికి వచ్చి, "సార్, ఈసారి పండుగకు కోర్టు నాటకం వేద్దామనుకుంటున్నం. నిజంగ జరిగిన హత్య మీద. మీరొకసారి చదివి దిద్దిపెట్టాలె" అని అడిగారనుకోండి. మీరేమంటారు? సంతోషించి సరేనంటారా? లేక మనకెందుకీ తలనొప్పి, తప్పిపోయిన కుమారుని కథ వేసుకోండి అని పంపించేస్తారా?

నాకు ఈ పరిస్థితి నిజంగానే ఎదురైంది. చదివి చెబుతానని నోటుపుస్తకం తీసుకున్నాను. ఆ పుస్తకం ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది.

మన నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల విచారణలకు నాటకం కొత్త కాదు గదా. క్రిస్మస్‌కు పశువుల పాక, తపస్సుకాలంలో క్రీస్తు శ్రమలు, బడి వార్షికోత్సవానికి పునీత మరియ గొరెట్టి. దుప్పట్లు తెరలుగా కట్టుకుని, రోము సైనికులకు అట్టముక్కలతో డాళ్ళు చేసి, మైకు కీచుమంటున్నా లెక్కచేయక మన పిల్లలు ఎన్ని నాటకాలు వేయలేదు! ఆ మాటకొస్తే మరియ గొరెట్టి కథ కూడా నిజంగా జరిగిన హత్యే. 1902లో ఇటలీలో ఆ పన్నెండేళ్ళు నిండని బాలికను పొడిచి చంపిన యువకునికి కోర్టు 30 ఏళ్ళ జైలు వేసింది. 1950లో శ్రీసభ ఆమెను పునీతురాలిగా ప్రకటించింది. ఆ నాటకాన్ని మనం మిఠాయి తింటూ చూశాం. హంతకుని పాత్ర వేసిన పిల్లవాడిని మర్నాడు బడిలో అందరూ ఆటపట్టించారు. అంతటితో సరి. ఎందుకంటే ఆ ఊరు మనది కాదు, ఆ తల్లి మనకు సంతలో ఎదురుపడదు.

మా పిల్లలు రాసుకున్న నాటకం మిర్యాలగూడది.

2018 సెప్టెంబరు 14. మిర్యాలగూడ పట్టణంలో ఒక ఆసుపత్రి నుండి గర్భవతియైన భార్యతోను, తల్లితోను బయటకు వస్తున్న యువకుణ్ణి వెనుకనుండి వచ్చినవాడు కత్తితో నరికి చంపాడు. ఆ యువకునికి పాతికేళ్ళయినా నిండలేదు. దళిత క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు. భార్య వేరే కులపు అమ్మాయి. ఇద్దరూ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. ఆసుపత్రి కెమెరాలో ఆ దృశ్యం పడింది, దేశమంతా చూసింది. అమ్మాయి తండ్రే డబ్బు ఒప్పందం చేసుకుని ఈ పని చేయించాడని పోలీసులు కేసు పెట్టారు. దాదాపు ఆరున్నరేళ్ళ తరువాత, 2025 మార్చి 10న, నల్గొండ కోర్టు తీర్పు చెప్పింది. నరికినవానికి మరణశిక్ష, మరి ఆరుగురికి యావజ్జీవం.

వారి పేర్లు మీకు తెలుసు. నేను మాత్రం ఇక్కడ రాయను. మా పిల్లలకు నేను చెప్పిన మొదటి దిద్దుబాటు కూడా అదే. 2020లో ఇదే ఘటన ఆధారంగా ఒక సినిమా తయారైనప్పుడు బాధిత కుటుంబం కోర్టుకు వెళ్ళింది. ఆ ఏడాది ఆగస్టులో నల్గొండ కోర్టు విడుదలను ఆపింది, నవంబరులో హైకోర్టు ఆ ఆంక్షను తొలగించింది. చట్టం దృష్టిలో ఏది సరైనదో న్యాయమూర్తులు తేల్చారు. కాని చట్టం అనుమతించినదంతా మనం చేయవలసిన పనేనా? గాయపడినవారు బ్రతికే ఉన్నారు. వారి దుఃఖం మన పండుగ కార్యక్రమంలో మూడవ అంశం కారాదు.

ఈ మాట నాకు తోచింది కాదు. నాటకం అభ్యాసం చూడడానికి మా విచారణలోని ఒక పెద్దామె మనుమరాలి వెంట వచ్చింది. చివరిదాకా చూసి, పిల్లలను పిలిచి ఇలా అడిగింది: "బిడ్డా, ఆ పిల్లగాని తల్లి అచ్చి గీ ముంగట కుర్చీల కూసుంటే, మీరు గిట్లనే ఆడుతరా?" ఎవరూ జవాబు చెప్పలేదు. నాటకాన్ని తూచడానికి అంతకంటె మంచి త్రాసు నాకు దొరకలేదు. ఆ తల్లి ముందు ఆడగలిగితే ఆడవచ్చు. ఆడలేకపోతే, ఎక్కడ ఆడలేమో అక్కడ దిద్దుకోవాలి.

ఇక అభ్యాసం సంగతి చెబుతాను. అది సాయంత్రం పూట బడిగదిలో జరిగింది. బల్లలు జరిపి బోను చేశారు. ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్న కుర్రవాడొకడు జడ్జి. వాని చేతిలో వడ్రంగి సుత్తి. మాటమాటకు బల్ల మీద కొట్టి "ఆర్డర్, ఆర్డర్" అంటాడు. మన కోర్టులలో సుత్తి ఉండదు నాయనా, అది సినిమావాళ్ళ సుత్తి అంటే వాడికి నమ్మకం కలగలేదు. నిజమైన సెషన్సు కోర్టు చూసినవారికి తెలుసు, అక్కడ గర్జనలుండవు. వాయిదాలుంటాయి. సాక్షి చెప్పిన దానిని వ్రాసుకునేవారుంటారు. బయట చెట్టు క్రింద టిఫిన్ డబ్బాతో కూర్చున్న బంధువులుంటారు. మాట మార్చే సాక్షులుంటారు. ఆరున్నరేళ్ళపాటు కొడుకు హంతకుల ముఖాలు చూస్తూ కోర్టుకు తిరగడమంటే ఏమిటో గంట నాటకంలో చూపలేము. అందుకని రచయితలు దాన్నంతా తీసేసి రెండే ఉంచుతారు. ఒకటి హత్య, రెండు తీర్పు.

మా పిల్లలూ అదే చేశారు. చివరి దృశ్యంలో జడ్జి లేచి నిలబడి మరణశిక్ష ప్రకటిస్తాడు, కలం విరుస్తాడు. అభ్యాసం చూస్తున్న పదిహేను ఇరవై మంది చప్పట్లు కొట్టారు. ఒకడు ఈల కూడా వేశాడు. నిజం చెప్పాలంటే నా చేతులు కూడా లేచాయి.

ఇంటికి వచ్చాక పూజాపఠనాల క్యాలెండరు తిరగేశాను. 2025 మార్చి 10 తపస్సుకాలపు మొదటి వారం సోమవారం. ఆ రోజు దివ్యబలిపూజలో చదివిన మొదటి పఠనం లేవీయకాండం 19వ అధ్యాయం. న్యాయస్థానంలో పేదవాడని గాని గొప్పవాడని గాని పక్షపాతం చూపరాదని, సోదరుని మీద హృదయంలో ద్వేషం పెట్టుకోరాదని, పగతీర్చుకోరాదని చెప్పే భాగమది. సువిశేషమేమో మత్తయి 25వ అధ్యాయం, కడవరి తీర్పు. నల్గొండలో భూలోకపు న్యాయమూర్తి తీర్పు చదివిన నాడే, ప్రపంచమంతటా కతోలిక దేవాలయాలలో పరలోకపు న్యాయమూర్తి తీర్పు చదివారు. ఎవరూ ఏర్పాటు చేసింది కాదు, అలా కలిసింది. ఆ సువిశేషంలో చెరసాలలో ఉన్నవానిని చూడటానికి వెళ్ళారా అన్న ప్రశ్న కూడా ఉంది. చెరసాలలో ఉన్నవాడు నిర్దోషియై ఉండాలని అక్కడ షరతు లేదు.

మరణశిక్ష విషయంలో మన శ్రీసభ బోధ మీకు తెలిసే ఉంటుంది. 2018 ఆగస్టులో పోపు ఫ్రాన్సిసు గారు సత్యోపదేశ గ్రంథంలో 2267వ సంఖ్యను మార్పించారు. మనిషి ఎంతటి ఘోరం చేసినా వాని మానవ గౌరవం పోదు, కాబట్టి మరణశిక్ష అంగీకారం కాదని ఇప్పుడక్కడ ఉంది. ఆ మార్పు ప్రకటించి ఆరు వారాలైనా దాటిందో లేదో, మిర్యాలగూడలో ఆ కత్తి లేచింది. మన దేశ చట్టంలో మాత్రం మరణశిక్ష ఉంది. 1980లో సుప్రీంకోర్టు అది అత్యంత అరుదైన కేసులకే పరిమితమన్నది. సెషన్సు కోర్టు వేసిన మరణశిక్షను హైకోర్టు ధ్రువపరచనిదే అమలు చేయరాదు. కలం విరవడంతో కథ ముగియదన్నమాట.

ఈ సంగతి చెబితే నాటకం రాసిన కుర్రవానికి కోపం వచ్చింది. వాడన్న మాట మీ ముందు పెట్టకపోతే అన్యాయమవుతుంది. "సార్, మనోళ్ళను చంపినప్పుడే మీకు క్షమాపణ గుర్తుకొస్తదా? ఎన్ని కేసుల్ల శిక్షలే పడలే. ఇన్నేండ్లకు ఒక్క కేసుల పడితే, దాన్ని చూపిచ్చొద్దంటరా? భయం లేకపోతే ఆగుతరా?"

వాని ప్రశ్న చిన్నది కాదు. కారంచేడు 1985లో, చుండూరు 1991లో జరిగాయి. చుండూరులో ప్రత్యేక కోర్టు 2007లో వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టివేసింది. దళితుని ప్రాణానికి కోర్టులో ధర పలకదని ఒక తరమంతా నమ్మవలసి వచ్చింది. అలాంటప్పుడు నల్గొండ తీర్పు వారికి ఊరట. దోషులని తేల్చడం, శిక్షించడం న్యాయం. న్యాయం జరగకుండా క్షమించమని బోధించడం క్షమాపణను అవమానపరచడమే. అసలు క్షమించవలసిందెవరు? కొడుకును పోగొట్టుకున్నవారు, భర్తను పోగొట్టుకున్నవారు. వారి తరఫున క్షమించే అధికారం నాకెవరిచ్చారు? ఈ మాట వానితో ఒప్పుకున్నాను. కాని ఊరట వేరు, ఈల వేరు. ఒక మనిషిని చంపుతామన్న మాటకు దేవాలయం ఆవరణలో ఈల వేయడం నేర్పితే, మనం ఆ పిల్లలకు నేర్పినదేమిటి?

అయితే నన్ను ఎక్కువగా వేధించింది ఇది కూడా కాదు.

నాటకంలో అమ్మాయి తండ్రి బోనులో నిలబడి తీర్పు వింటాడు. వాని మీద జడ్జి మూడు నిమిషాలు మాట్లాడతాడు. పిల్లలకు ఎంతో ఇష్టమైన భాగమది. కాని నిజంగా అలా జరగలేదు. ఆయన విచారణ ముగియకముందే, 2020 మార్చిలో, హైదరాబాదులో మరణించాడు. ఆత్మహత్య అని పోలీసులన్నారు. మొదటి నిందితుడు తీర్పు వినలేదు. మరణించినవాని మీద కేసు నడవదు కాబట్టి ఆయన మీది ఆరోపణ రుజువు కావడమనేదీ జరగలేదు. మిగిలిన ఏడుగురే తీర్పు విన్నారు. బోనులో ఒక చోటు ఖాళీగా ఉండిపోయింది.

చనిపోయినవానిని లేపుకొచ్చి బోనులో నిలబెట్టవద్దని పిల్లలకు చెప్పాను. "మరి ఆ చోట్ల ఎవరిని పెట్టాలె సార్?" అని అడిగారు. పాఠకులారా, ఆ ప్రశ్ననే నేను ఇన్ని వారాలుగా మోస్తున్నాను.

సత్యోపదేశ గ్రంథం 1868వ సంఖ్య తీసి చూడండి. ఇతరులు చేసిన పాపంలో మనకు ఎప్పుడు భాగం ఉంటుందో అక్కడ చెప్పారు. స్వయంగా పాల్గొంటేనే కాదు. ఆజ్ఞాపించినా, సలహా ఇచ్చినా, మెచ్చుకున్నా, సమర్థించినా, చెప్పవలసినది చెప్పకున్నా, ఆపవలసినది ఆపకున్నా, చెడు చేసినవారిని కాపాడినా భాగముంటుంది. కోర్టు ఈ నిచ్చెనలో పై మెట్లను మాత్రమే చూడగలదు. కత్తి పట్టినవాడు, డబ్బు అందించినవాడు, దారి చూపినవాడు, వాహనం తెచ్చినవాడు. క్రింది మెట్ల మీద నిలబడ్డవారికి సమనులు రావు. కులం తప్పిన పెళ్ళి అనగానే తండ్రితో "పరువు పోయింది గదా" అన్నవారెందరో. హత్య తరువాత "తప్పే గాని, కన్నతండ్రి బాధ కూడా చూడాలి" అన్నవారెందరో. బస్సులో, టీకొట్టు దగ్గర, గుడి మెట్ల మీద ఆ మాట మీరు వినలేదా? నేను విన్నాను. విని ఊరుకున్నాను.

మనం క్రైస్తవులం, మనకు కులమేమిటి అంటారు కొందరు. అలా అనేవారి ఇంట్లో ఈ మధ్య పెళ్ళి సంబంధం చూశారేమో అడగండి. మన శాసనం ప్రకారం వివాహాన్ని ఏర్పరచేది ఆ ఇద్దరి స్వేచ్ఛాపూర్వక సమ్మతి మాత్రమేనని 1057వ సూత్రం చెబుతుంది. బలవంతానికో భయానికో లొంగి ఇచ్చిన సమ్మతి చెల్లదని 1103వ సూత్రం చెబుతుంది. దేవాలయంలో పెళ్ళి ప్రకటనలు చదివి ఏదైనా ఆటంకం తెలిసినవారు వచ్చి చెప్పమంటారు. ఆ ఆటంకాల జాబితాలో రక్తసంబంధం ఉంది, పూర్వవివాహం ఉంది. కులం లేదు. అయినా ప్రకటన విన్నాక గుడి వెనుక గదికి వచ్చి ఫాదరు గారి చెవిలో ఆ ఒక్క ఆటంకమే చెప్పిపోయేవారున్నారు. 2003 నవంబరులో తమిళనాడు పీఠాధిపతులతో మాట్లాడుతూ రెండవ జాన్ పాల్ పోపు గారు కులభేదాన్ని తీవ్రంగా ఖండించారు. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో దళితుల సాధికారతపై తెచ్చిన విధానపత్రంలో ఈ జాడ్యం శ్రీసభ లోపలా ఉందని ఒప్పుకున్నారు. 2022 ఆగస్టులో మన హైదరాబాదు అగ్రపీఠాధిపతులు, దళిత కుటుంబంలో జన్మించినవారు, కార్డినలు అయినప్పుడు అన్ని కులాలవారమూ కలిసి ఫ్లెక్సీలు కట్టాం. సంతోషమే. ఆ ఫ్లెక్సీ కట్టిన తాళ్ళు విప్పకముందే పిల్ల సంబంధానికి పిల్లవాని ఇంటిపేరు ఆరా తీసినవాళ్ళమూ మనమే.

మనమే అన్నాను. ఆ మనములో నేనున్నాను. మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది. రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం ఫోనులో ఒక అబ్బాయి పేరు చెప్పింది. కతోలికుడే, పూజకు వెళ్ళేవాడే, మంచి ఉద్యోగం. నా నోటినుండి వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "మనోళ్ళేనా?" అటువైపు కాసేపు నిశ్శబ్దం. తరువాత మా అమ్మాయి, "నాయనా, నీతో కలిసి సత్ప్రసాదం తీసుకునేటోళ్ళే" అన్నది. నేను మాట మార్చి వానలు పడ్డాయా అని అడిగాను. ఆ అబ్బాయి సంగతి ఆమె మళ్ళీ ఎత్తలేదు, నేనూ అడగలేదు. నేను కత్తి పట్టలేదు. ఎవరినీ బెదిరించలేదు. గొంతయినా పెంచలేదు. అయినా ఆ ఒక్క ప్రశ్న ఏ చెట్టుకు కాసిన కాయో నాకు తెలుసు.

మన శ్రీసభ ఏటా ఆడించే కోర్టు నాటకం ఒకటుంది, ఎప్పుడైనా అలా ఆలోచించారా? మ్రానికొమ్మల ఆదివారం నాడు, పవిత్ర శుక్రవారం నాడు శ్రమల చరిత్ర పాత్రలవారీగా చదువుతాం. నిజంగా జరిగిన విచారణ, నిజంగా జరిగిన హత్య. క్రీస్తు మాటలు గురువు చదువుతారు. పిలాతు మాటలు, పేతురు మాటలు ఒకరిద్దరు చదువుతారు. బల్లల మీద కూర్చున్న మనందరికీ ఇచ్చే పాత్ర ఏది? జడ్జి పాత్ర కాదు, శిష్యుల పాత్ర కాదు. సిలువ వేయమని కేకలు వేసే గుంపు పాత్ర. చిన్నప్పుడు ఆ కేక వేయడానికి నాకు సిగ్గుగా ఉండేది. ఇంత మంచివాళ్ళం, పూలు పెట్టుకుని తెల్లబట్టలు కట్టుకుని వచ్చినవాళ్ళం, మనచేత ఇలా ఎందుకనిపిస్తారో అర్థమయ్యేది కాదు. ఆ పాత్ర తప్పించుకోవడానికి వీల్లేకుండా మనకే రాసిపెట్టారని, బోను వైపు వేలు చూపి ఇంటికి పోయే అవకాశం ఆ రోజు మనకివ్వరని ఇప్పుడు అర్థమవుతున్నది. చేతులు కడుక్కునే పాత్ర కూడా ఆ నాటకంలో ఒకటుంది. దానికి నీళ్ళు అందించడానికి మనలో ఎందరో సిద్ధం.

ఈ సంగతులన్నీ పిల్లలతో మూడు సాయంత్రాలు మాట్లాడాను. నాటకం వేయవద్దని చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదనుకుంటున్నాను, ఎందుకంటే ఈ హత్యను మరచిపోవడం చంపినవారికే అనుకూలం. పేర్లు తీసేశారు. హత్య దృశ్యం తీసేశారు, కెమెరాలో దేశమంతా చూసినది చాలు. సుత్తి మాత్రం ఉండనివ్వమన్నారు, సరేనన్నాను. తీర్పు ఉంటుంది, కాని తీర్పు దగ్గర తెర పడదు. దోషులను తీసుకువెళ్ళాక బోనులో ఒకడు మిగులుతాడు. జడ్జి ఉండడు, వకీళ్ళుండరు. కోర్టు బంట్రోతు వచ్చి మూడుసార్లు పిలుస్తాడు, పెళ్ళి ప్రకటన మూడుసార్లు చదివినట్లు. ఆ మిగిలినవాడు ఒక మామూలు తండ్రి. పేరు లేదు, ఊరు లేదు. కూతురుతో ఫోనులో మాట్లాడతాడు. ఆ కుర్రవాడే రాశాడు ఈ దృశ్యం, నా మీద కోపగించుకున్నవాడు. బాగా రాశాడు. నా ఫోను సంగతి వానికి నేను చెప్పలేదు.

ఆ తండ్రి పాత్రకు ఎవరూ దొరకలేదు. యువకులకు వయసు సరిపోదు. పెద్దలను అడిగితే ఒకరికి పొలం పని, ఒకరికి మోకాలి నొప్పి. మొన్న శనివారం పిల్లలంతా కలిసి వచ్చి, "సార్, మీరైతే సరిగ్గ సరిపోతరు" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

సంభాషణ చిన్నదే, పన్నెండు పంక్తులు. మొదటి పంక్తి నాకు కంఠస్థం చేయనవసరం లేదు. ఇంకా జవాబు చెప్పలేదు. ఈ ఆదివారం పూజ అయ్యాక చెబుతానన్నాను. అంతకు ముందు మా అమ్మాయికి ఫోను చేయాలి.